పోకనో కొండల్లో బ్యారెల్ బేరం

ఎడిసన్‌లో బయల్దేరి 287 మీద ఉత్తరంగా కొంతదూరం పోయి, 78వ నంబరు రహదారి ఎక్కి పడమటికి తిరిగితే డెలావేర్ నది దాటగానే పెన్సిల్వేనియా. మన తెలుగువాళ్లు ఈ దారిన పోకనో కొండలకు పోయేది అక్టోబరులో రంగు మారిన ఆకుల ముందు ఫొటోలు దిగడానికి, లేదా చలికాలంలో పిల్లల్ని మంచు మీద జారించడానికి. నేనూ మా మేనల్లుడూ పోయింది ఒక గొట్టం కోసం. పెయింట్‌బాల్ ఆడే నా పంపు మార్కర్‌కి బ్యారెల్ కొనాలి. కొన్నదాన్ని మర్నాడు జిమ్ థోర్ప్ ఊరి దగ్గరున్న స్కర్మిష్ మైదానంలో ఆడి చూడాలి. మైదానమని అలవాటుకొద్దీ అంటున్నాను గాని, అది వందల ఎకరాల అడవి.

సామాను సర్దుకోవడానికీ ఒక పద్ధతుంది. పెయింట్‌బాల్ మార్కర్‌ని కారులో ఎలా తీసుకుపోవాలో పెన్సిల్వేనియాలో చట్టమే చెబుతుంది. లోపల బంతులు ఉండకూడదు, గాలి సిలిండరు విప్పేసో కట్టేసో ఉండాలి, కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. మార్కర్‌ని బ్యాగులో పెట్టి, మూతికి తొడుగు వేసి డిక్కీలో పడేశాం. సిలిండరు వేరే సంచిలో. చట్టం లేని రాష్ట్రంలోనైనా ఇలాగే తీసుకుపోవడం మేలు. దూరం నుంచి చూసేవాడికి అది రంగు బంతుల యంత్రమో అసలు తుపాకో ఎలా తెలుస్తుంది?

మేనల్లుడు రట్గర్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడిది బ్యాటరీతో నడిచే మార్కర్. ట్రిగ్గర్ మీద వేలు ఆడిస్తే బంతులు వర్షంలా పడతాయి. నాది ఎంపైర్ స్నైపర్. ఒక్కో దెబ్బకీ పిడిని వెనక్కి లాగి ముందుకు తోయాలి. వాడి దృష్టిలో ఇది ముసలివాళ్ల చాదస్తం.

"మామయ్యా, పంపు వేస్తూ కూచునే ఆటకి కొత్త బ్యారెల్ కూడానా? ఉన్నదానికేం వచ్చింది?" అన్నాడు సోమర్విల్ దాటాక.

"నువ్వు పది వేస్తే ఒకటి తగుల్తుంది. నేను వేసేదే ఒకటిరా," అన్నాను.

నిజానికి ఈ ఆట పుట్టినప్పుడు అందరిదీ ఒక్కో దెబ్బ పద్ధతే. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది మొదటి ఆట ఆడారు. చార్లెస్ గెయిన్స్, హేస్ నోయెల్, బాబ్ గర్న్సీ అనే ముగ్గురు దాన్ని తలపెట్టారు. పట్నంలో బతకడం నేర్చినవాడు అడవిలో నెగ్గుతాడా, అడవిలో పుట్టి పెరిగినవాడు నెగ్గుతాడా అన్నది వాళ్ల పందెం. చేతిలో ఉన్నవి నెల్‌స్పాట్ 007 తుపాకులు. అడవిలో కొట్టాల్సిన చెట్లకీ, మందలో పశువులకీ దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మినవి అవి. అందుకే ఇప్పటికీ ఆటగాళ్లు గన్ అనకుండా మార్కర్ అంటారు. ఆ రోజు గెలిచింది రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి. ఆటలో తెచ్చుకోవాల్సిన జెండాలన్నీ ఒక్క బంతి కూడా పేల్చకుండా పట్టుకొచ్చాడు. ఇది చెబితే మేనల్లుడు, "అయితే ఆయనకి బ్యారెల్ కూడా అక్కర్లేదుగా," అన్నాడు. వాడి మాటా తోసిపారేయదగింది కాదు.

అలన్‌టౌన్ చుట్టుపక్కల ఉన్న ఒక చిన్న దుకాణానికి మధ్యాహ్నం చేరాం. పేరు రాయను. యజమాని ఎనభైల నుంచీ ఆడుతున్న పెద్దమనిషి. గోడ పొడుగునా బ్యారెళ్లు నిలబెట్టి ఉన్నాయి. నల్లవి, ఎర్రవి, కార్బన్ ఫైబర్‌వి, పింగాణీ పూత వేసినవి, ఇత్తడివి. పది అంగుళాల నుంచి పదహారు దాకా. ధరలు నలభై డాలర్ల దగ్గర మొదలై రెండు వందల దాకా పోతున్నాయి. మేనల్లుడి చెయ్యి నేరుగా పదహారంగుళాల నల్లదాని మీదికి పోయింది. అలాంటి చోటికి పోతే ఎవరి చెయ్యయినా అటే పోతుంది.

పెద్దాయన ముందు నన్ను అడిగింది ధర కాదు, పొడుగూ కాదు. మర ఏమిటని అడిగాడు. మార్కర్ వొంటికి బ్యారెల్ బిగించే మర కంపెనీకో తీరు. టిప్‌మన్‌ది ఒకటి, స్పైడర్‌ది ఒకటి, ఒరెగాన్‌లో తయారయ్యే ఫాంటమ్ అనే పేరున్న పంపుది మరొకటి. వీటిలో బాగా వాడుకలోకొచ్చింది ఆటోకాకర్ మర. పదహారింట పదిహేను అంగుళాల వ్యాసం, అంగుళానికి ఇరవై చుట్లు. కాలిఫోర్నియాలో బడ్ ఆర్ అనే పనివాడు ఎనభైలలో స్నైపర్ అనే పంపు చేశాడు. దానికే తరవాత తనంతట తాను వెనక్కి లాగుకునే ఏర్పాటు తగిలించాడు. అదే ఆటోకాకర్. యంత్రం వాడుకలోంచి దాదాపు పోయింది, దాని మర మాత్రం నిలిచింది. నా దానికీ అదే కాబట్టి గోడ మీద సగానికి పైగా నాకు పనికొచ్చేవే.

పనికొచ్చేవని అనుకున్నాను. ఆయన నా మార్కర్‌ని బ్యాగులోంచి తీయించి, పంపు పిడిలో చూపుడువేలు పెట్టి చూపించాడు. పంపు పిడి బ్యారెల్ చుట్టూ తొడుక్కుని ముందుకీ వెనక్కీ జారుతుంది. బ్యారెల్ వెనక భాగం మరీ లావైతే పిడి లోపల రాసుకుంటుంది, కొన్నయితే అసలు దూరవు. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లకి ఈ తలనొప్పి లేదు. అందుకే కొలతల పట్టికల్లో బయటి వ్యాసం ఎవరూ పెద్దగా రాయరు. గోడ మీదివి రెండు మూడు తీసి నా పిడిలో తొడిగి చూశాం. చూడ్డానికి ఎంతో అందంగా ఉన్న ఎర్రదొకటి సగంలో ఆగిపోయింది. మరీ పొట్టిదైతే ఇంకో చిక్కు. పిడి ముందుకు తోసినప్పుడు చెయ్యి బ్యారెల్ మూతి దగ్గరికి పోకూడదు. పంపు వాడేవాడు తన మార్కర్ వెంట తీసుకుపోకుండా బ్యారెల్ కొనకూడదని అక్కడే తేలిపోయింది.

ఇక బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం. అసలు కథ ఇక్కడుంది. మిగతాదంతా ముస్తాబు.

పెయింట్‌బాల్‌ని 0.68 క్యాలిబర్ అంటారు, అంటే అంగుళంలో నూటికి అరవై ఎనిమిది వంతుల వ్యాసం. పేరుకే అది. బంతి పైపెంకు జెలటిన్, లోపల రంగు కలిపిన ద్రవం. చేపనూనె మాత్రల్ని చేసే యంత్రాల పద్ధతిలోనే వీటినీ చేస్తారు. నెల్సన్ కంపెనీకి మొదటి బంతులు చేసిపెట్టింది కూడా మందుల క్యాప్సూళ్లు చేసే ఆర్.పి. షెరర్ కంపెనీయే. రెండు జెలటిన్ పొరలు కలిసి అతుక్కున్న చోట సన్నని గీత ఉంటుంది. ఏ బంతీ నిక్కమైన గుండ్రం కాదు. జెలటిన్ తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, చలికి పెళుసెక్కుతుంది. కొన్ని రకాలు 0.675 దగ్గర ఉంటాయి, కొన్ని 0.690 దాటతాయి. ఒకే పెట్టెలోనే తేడాలుంటాయి. ఆగస్టులో సరిగ్గా పట్టిన రకం అక్టోబరులో వదులుగా ఉండొచ్చు.

బంతి కన్నా గొట్టం వెడల్పైతే వెనకనుంచి తోసే గాలి పక్కలనుంచి తప్పించుకుంటుంది. ఒక దెబ్బ వేగంగా, మరో దెబ్బ నీరసంగా పోతుంది. ఎవరి మార్కర్‌కైనా అంతే. పంపుకి దీనిమీద ఇంకో బెడద ఉంది. మేనల్లుడి మార్కర్‌లో ట్రిగ్గర్ నొక్కేదాకా బంతి వెనక గదిలోనే ఉంటుంది, దాన్ని ముందుకు జారకుండా చిన్న అడ్డు పట్టుకుని ఉంటుంది. నా దాంట్లో అలా కాదు. పంపు ముందుకు తోయగానే బోల్టు బంతిని ఆ అడ్డు దాటించి బ్యారెల్‌లోకి నెట్టి తలుపు మూసేస్తుంది. ఇక ఆ బంతిని పట్టుకుని ఉండేది గొట్టం గోడలే. నేను చెట్టు చాటున ఎవడో తల ఎత్తేదాకా కాచుకుని కూర్చుంటాను. కొండ వాలున మూతి కిందికి వంచి ఉంటాను. గొట్టం వదులైతే బంతి తనదారిన తాను జారి ఆకుల్లో పడిపోతుంది. నాకు తెలియదు. తీరా ట్రిగ్గర్ నొక్కితే తుస్సుమని గాలి, ఎదుటివాడి నవ్వు.

అందుకే పంపు ఆడేవాళ్లు బోరు గురించి అంతలా పట్టుబడతారు. వినేవాళ్లకి వెర్రిగా ఉంటుంది. అంగుళంలో వెయ్యో వంతుల గురించి గంటలు మాట్లాడతారు.

పెద్దాయన పద్ధతి తేలిక. సీసాలోంచి బంతి తీసి గొట్టం వెనకనుంచి వేశాడు. నిలబెట్టినా అది జారలేదు. తరవాత మా అమ్మమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు, నోటితో ఒక్క ఊపు ఊదాడు. బంతి టపీమని అవతల పడింది. దానంతటది జారకూడదు, ఊదితే బయటికి రావాలి, అదీ లెక్క. ఒక్క బంతితో తేల్చొద్దన్నాడు. పెట్టెలోవి అరడజను వేసి చూడాలి, ఎక్కువ బంతులు ఏ మాట చెబితే ఆ మాట వినాలి.

"రేపు ఏ బంతులు వాడతారో చెప్పండి, ఏ బ్యారెల్ కావాలో నేను చెబుతాను," అన్నాడు.

చెప్పలేకపోయాను. అమెరికాలో చాలా మైదానాల్లో బయటి బంతులు రానివ్వరు, అక్కడ అమ్మేవే కొనాలి. ఏ రకం, ఏ సైజు, ఎంత ఎండినవి అన్నది ఆ ఉదయం గాని తెలియదు. అలాంటప్పుడు ఒకే బోరు ఉన్న బ్యారెల్ ఎంత ఖరీదైనదైనా గుడ్డి బేరమే. దీనికి విరుగుడు చేసింది ఈ రాష్ట్రంవాళ్లే. పెన్సిల్వేనియాలోనే లాట్రోబ్ దగ్గర స్మార్ట్ పార్ట్స్ అనే కంపెనీ ఉండేది. వాళ్ల ఫ్రీక్ బ్యారెల్‌కి వెనక భాగంలో సన్నటి లోపలి గొట్టం విడిగా వస్తుంది. 0.679 నుంచి 0.695 దాకా ఎనిమిది సైజులు. బంతిని బట్టి దాన్ని మార్చుకుంటే చాలు, బయటి బ్యారెల్ అదే ఉంటుంది. కంపెనీ 2010లో మూతపడింది. ఆ ఫ్రీక్ మాత్రం పోలేదు, గాగ్ పేరుతో వచ్చింది. అదే కొలతలకి వేరేవాళ్లూ గొట్టాలు చేస్తారు.

పొడుగు సంగతి మేనల్లుడే ఎత్తాడు. పదహారంగుళాలదైతే దూరం పోదా అని వాడి ఆశ. పోదు. ఆటకి ముందు ప్రతి మార్కర్‌నీ క్రోనో ముందు పేల్చి వేగం కొలుస్తారు. చాలా మైదానాల్లో సెకనుకు 280 అడుగులు హద్దు, ఎక్కడైనా 300 దాటనివ్వరు. ఏ బ్యారెల్‌లోంచి వచ్చినా అదే వేగంతో వచ్చే అదే బరువు బంతి అంతే దూరం పోతుంది. బంతి సుమారు మూడు గ్రాములు ఉంటుంది, లోపల ద్రవం ఊగుతుంటుంది, గాలి దాన్ని ఇట్టే ఆపేస్తుంది. అసలు తుపాకీలోలా లోపల మెలికల గాళ్లు కోసిన బ్యారెళ్లూ అమ్ముతారు. మెత్తటి జెలటిన్ బంతిని ఆ గాళ్లు గట్టిగా పట్టి తిప్పలేవు కాబట్టి నాకు వాటి మీద నమ్మకం లేదు. దూరం నిజంగా పెరగాలంటే బంతిని వెనక్కి తిప్పే వంపు బ్యారెల్ కావాలి. టిప్‌మన్ ఫ్లాట్‌లైన్ అలాంటిదే. అది వేరే లోకం, నా మార్కర్‌కి పట్టదు.

గాలి పనంతా మొదటి ఏడెనిమిది అంగుళాల్లోనే దాదాపు అయిపోతుంది. ఆ తరవాత ఉన్నది చూపుకీ, పొదలు పక్కకి నెట్టడానికీ. మూతి దగ్గర రంధ్రాలుంటే మిగిలిన గాలి మెల్లగా జారి చప్పుడు తగ్గుతుంది. చాటున కూర్చునే పంపు ఆటగాడికి అది విలువైనదే. కాకపోతే లోపల బంతి పగిలితే ఆ రంధ్రాల్లో రంగు ఇరుక్కుని తుడవడం ప్రాణసంకటం. చివరికి పన్నెండంగుళాల అల్యూమినియం బ్యారెల్ తీసుకున్నాను. కొద్దిపాటి రంధ్రాలున్నది, ఫ్రీక్ గొట్టాలు పట్టేది, నా పంపు పిడిలో హాయిగా జారేది. ఎనిమిది గొట్టాలూ కొనలేదు. 0.679, 0.682, 0.684, 0.687, ఈ నాలుగే. ఈ మధ్య మైదానాల్లో దొరికే బంతులు చిన్నవేనని పెద్దాయన అన్నాడు, నా అనుభవమూ అదే. కార్బన్ ఫైబర్‌ది తేలిగ్గా ముచ్చటగా ఉంది గాని, ఆ తేలిక కోసం రెట్టింపు డబ్బు పెట్టబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి టర్న్‌పైక్ మీద ఉత్తరానికి. బ్లూ మౌంటెన్ కింద లీహై సొరంగం దాటగానే కొండలు దగ్గరికొచ్చేశాయి. మేపుల్ చెట్లు ఎర్రగా, ఓక్ చెట్లు రాగి రంగులో ఉన్నాయి. రాత్రికి జిమ్ థోర్ప్‌లో దిగాం.

ఈ ఊరి పాత పేరు మాక్ చంక్. బొగ్గు మీద బతికిన ఊరు. 1827లో ఇక్కడ బొగ్గు బళ్లని సమ్మిట్ హిల్ నుంచి తొమ్మిది మైళ్లు కిందికి కేవలం వాలు మీద దొర్లించే రైలు కట్టారు. ఖాళీ బళ్లని పైకి లాగాల్సిన కంచరగాడిదలు దిగేటప్పుడు బళ్లలో ఎక్కి కూచుని వచ్చేవట. తరవాత అది విహార రైలైంది, రోలర్ కోస్టర్లకి అదే తాత అంటారు. బొగ్గు వ్యాపారం పడిపోయాక ఊరికి దిక్కు తోచని రోజుల్లో, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఆదివాసీ క్రీడాకారుడు జిమ్ థోర్ప్ చనిపోయాడు. 1953లో పోతే, 1954లో ఈ ఊరు ఆయన పేరు పెట్టుకుని ఆయన్ని ఇక్కడ సమాధి చేయించింది. ఆయన బతికుండగా ఈ ఊళ్లో అడుగు పెట్టిందే లేదు. తిరిగి తెచ్చుకోవాలని కొడుకులు కోర్టుకెక్కారు, చివరికి ఓడిపోయారు. సమాధి రోడ్డు పక్కనే ఉంది, మేం టార్చి వెలుగులో చూసొచ్చాం. పేరు కోసం మనిషిని తెచ్చుకున్న ఊరిని మెచ్చుకోవాలో వద్దో నాకు తేలలేదు.

మర్నాడు పొద్దున్న మైదానంలో ఊపిరి పొగలా వస్తోంది. ఇలాంటి చలిలో పన్నెండు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళికలు వాడే పాతకాలపు ఆటగాళ్లకి కష్టం. ఆ వాయువు ఒత్తిడి చలితో పడిపోతుంది, దాంతో వేగమూ పడిపోతుంది. నాది గాలి సిలిండరు కాబట్టి అంత బాధ లేదు. బంతుల పెట్టె కొన్నాం. చేతిలోకి తీసుకుంటే గట్టిగా, కాస్త చిన్నగా అనిపించాయి.

ముందు పాత బ్యారెల్‌తోనే క్రోనో దగ్గర నిలబడ్డాను, తేడా తెలియాలని. అంకెలు 250 దగ్గర ఒకటి, 281 దగ్గర ఒకటి, మధ్యలో ఇష్టమొచ్చినట్టు. మూతి నేలకేసి వంచితే బంతి బూటు మీద పడింది. తరవాత కొత్త బ్యారెల్ బిగించి గొట్టాలు వరసగా ఊది చూశాం. 0.687లో బంతులు నిలవలేదు. 0.684లో కొన్ని నిలిచాయి, కొన్ని జారాయి. 0.682లో అన్నీ నిలిచాయి, ఊదగానే వచ్చేశాయి. 0.679లో ఊదితే కదల్లేదు. 0.682 పెట్టి పేలిస్తే ఒక్కసారిగా 290 దాటింది. గాలి వృథా కావడం ఆగింది కదా, వేగం పెరిగింది. రెఫరీ తల అడ్డంగా ఊపాడు. స్ప్రింగు సర్దే మరను అల్లెన్ తాళంతో కాస్త వదులు చేసి తెచ్చేసరికి 270కీ 278కీ మధ్య స్థిరపడింది. బ్యారెల్ మార్చినవాడు మళ్లీ క్రోనోకి పోకుండా ఆట్లో దిగకూడదు. హద్దు దాటిన బంతి ఎదుటివాడి ఒంటి మీద ఊరికే మచ్చ వేసి వదలదు.

ఆట గురించి చెప్పడానికి అంత లేదు. చెట్ల వెనక నుంచి చెట్ల వెనకకి పరిగెత్తడం, కళ్లద్దాల మాస్కు మీద ఆవిరి పట్టడం, ఎటునుంచి వచ్చిందో తెలియని బంతి మోచేతి మీద పగలడం. మధ్యాహ్నం ఒక వాలున పడిపోయిన ఓక్ మాను వెనక చాలాసేపు మూతి కిందికి పెట్టి కూర్చున్నాను. కింద దారిన ఇద్దరు వచ్చారు. బంతి ఉన్నచోటే ఉంది. మొదటివాడి భుజం మీద పసుపుపచ్చ పడింది, రెండోవాడికి నేను పంపు వేసేలోపు వాడే నన్ను కొట్టేశాడు. ఒక్కో దెబ్బ ఆటలో ఉండే చిక్కు అది, దానికి బ్యారెల్ మందు కాదు.

మేనల్లుడు ఒక ఆట నా మార్కర్‌తో ఆడి, "బాగానే ఉంది మామయ్యా, కానీ చెయ్యి నొప్పెడుతోంది," అని తిరిగిచ్చేశాడు. మధ్యాహ్నం ఎండ ముదిరాక మళ్లీ ఊది చూశాం. పొద్దున్న 0.682లో తేలిగ్గా వచ్చిన బంతులు ఇప్పుడు బిగుతుగా ఉన్నాయి. 0.684కి మార్చి, క్రోనోకి ఇంకోసారి పోయొచ్చాను. ఒక్క రోజులోనే గొట్టం మార్చాల్సి వచ్చిందంటే, ఒకే బోరు బ్యారెల్ మీద వందలు పోసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మీరు పంపు కొత్తగా మొదలుపెడుతుంటే నా మాట ఇది. మీ మార్కర్ మర ఏదో కనుక్కోండి, పంపు పిడిలో దూరుతుందో లేదో తొడిగి చూడండి, పన్నెండంగుళాలు దాటిన పొడుక్కి ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వకండి. లోపలి గొట్టాలు మార్చుకునే సెట్టు దొరికితే అదే కొనండి. ఒక్కటే కొనగలిగితే 0.684 చుట్టుపక్కలది తీసుకోండి. అన్నిటికన్నా ముందు మంచి మాస్కు కొనండి. మాస్కూ బ్యారెలూ అయ్యాక మిగిలిన డబ్బు బంతులకే.